ఆరు టైర్లు

గజపతినగరం బజారువీధిలో గోగునార వ్యాపారి జగన్నాధం గారి ఇంట్లో ఆ రోజు కూడా ఎప్పటిలాగే తెల్లవారింది. కోడలు కన్యాకుమారి పొయ్యి మీద చోడిపిండి అంబలి కలుపుతోంది. కొడుకు వెంకటరావు గోగునార తూచే కాటా దగ్గరికి బయల్దేరడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు. మహాలక్ష్మమ్మ భర్తకి కాఫీ తీసుకుని గదిలోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగానూ వెనక్కి వచ్చింది.

"ఆయన గదిలో నేరు. పెరట్లో సూసినావా కన్యాకుమారీ?"

"నేను సూళ్ళేదత్తా. వీధి తలుపు మాత్రం తీసున్నాది."

వెంకటరావు సైకిలెక్కి రైలుగేటు దాకా వెళ్ళేసరికి తండ్రి కనిపించాడు. పాత నల్లకోటు వేసుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా విజయనగరం రోడ్డు పట్టుకుని నడుస్తున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. అప్పటికే మడమలు చిట్లి రక్తం కారుతోంది.

"ఎక్కడికెల్తన్నావు నాన్నా?"

"ఇసాపట్నం. కూర్మమ్మ ఆసుపత్రిలో ఉన్నాది. కారు టైర్లు బాగునేవు, అందుకే నడిసెల్తన్నాను. నువ్వెవరి కుర్రాడివి?"

కూర్మమ్మ వెంకటరావుని కన్న తల్లి. ఆమె పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ మరుసటి ఏడే జగన్నాధం నరసన్నపేట నుంచి పదహారేళ్ళ మహాలక్ష్మిని చేసుకుని వచ్చాడు. ఆమెకి పిల్లలు కలగలేదు. నాలుగేళ్ళ వెంకటరావుకి అన్నం పెట్టి, చదివించి, పెళ్ళి చేసింది ఆవిడే. అయినా అతనెప్పుడూ ఆమెకి దగ్గర కాలేదు. పిన్నీ అని పిలిచేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అంతే. ఆవిడ వచ్చాక ఇంట్లో తల్లి ఫోటో పెట్టెలోకి పోయింది, తల్లి పేరు ఎవరి నోటా వినపడకుండా పోయింది. ఆ కోపం అతనిలో చిన్నప్పుడే పడింది, పెద్దయినా పోలేదు.

ఇక కారు. జగన్నాధం మంచి వయసులో ఉన్నప్పుడు, గోగునార ధర ఆకాశాన్నంటిన ఏడు, ఊరొదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్న రెండు సీట్ల రేసుకారు అది. ఇనప ఊచల చక్రాలు, పొడవాటి మూతి, పైకప్పుకి గుడ్డ. కూర్మమ్మ పోయాక ఆ కారు షెడ్డు దాటలేదు. ఏటా విజయదశమికి మాత్రం ఇంజను తిప్పించి, పసుపు కుంకుమలు పెట్టి, మళ్ళీ దుప్పటి కప్పేసేవాడు. టైర్లు ఎండి, నెర్రెలిచ్చి, నేలకి అంటుకుపోయాయి.

ఆర్నెల్ల నుంచి జగన్నాధానికి మతి తప్పుతోంది. మందుల్లేవు, కనిపెట్టుకుని ఉండమన్నాడు డాక్టరు. రోజూ పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి టైర్లు నొక్కి చూడ్డం, తల అడ్డంగా ఊపడం. ఇప్పుడు నడిచి బయల్దేరడం మొదలైంది.

"రేపట్నించి తలుపుకి తాళం ఏసీయాల," అన్నాడు వెంకటరావు తండ్రిని అరుగు మీద కూర్చోబెట్టి.

మహాలక్ష్మమ్మ భర్త పాదాలు కడుగుతూ తలెత్తకుండా అంది: "తాళం వొద్దు. ఆ కారుకి టైర్లు ఏయిద్దాం."

"నీకేటైనా మతిపోనాదేటి పిన్నీ?"

"ఆయనకి పోయింది సాలు. నాకు బాగానే ఉన్నాది. టైర్లుంటే నడిసెల్లరు."

* * *

విజయనగరంలో స్టేషను దగ్గర ఎల్లాజీ టైర్ల కొట్టు. జగన్నాధం, మహాలక్ష్మమ్మ, వెంకటరావు ముగ్గురూ బస్సులో వెళ్ళారు. వెంకటరావు ముఖం గంటుపెట్టుకునే ఉన్నాడు.

"ఈ సైజు కార్లకి ఇప్పుడు రావటం నేదు బాబూ," అన్నాడు ఎల్లాజీ. "పెద్ద మోటారుసైకిలు టైర్లు ఈ చక్రాలకి పడతాయి. నేదంటే మీ పాతవాటికే కొత్త రబ్బరు అతికిస్తాను. కొత్తవే గావాలంటే కలకత్తానించి రైలు పార్సిల్లో తెప్పించాల. ఎప్పుడొస్తాయో సెప్పనేను."

"మోటారుసైకిలువే ఏసీ. వీధి సివర దాకా తిప్పి తెచ్చేదానికి ఏవైతేనేం?" అన్నాడు వెంకటరావు.

అంతవరకూ బల్ల మీద బొమ్మలా కూర్చున్న జగన్నాధం లేచాడు. ఎల్లాజీ చూపించిన టైరు అందుకున్నాడు. పక్కలు రెండు చేతుల్తో వంచి చూశాడు. బొటనవేలు గాడిలో పెట్టి నొక్కాడు. కొడుకు పేరు గుర్తులేని మనిషి వేళ్ళు ఆ రబ్బరు మీద తడబాటు లేకుండా తిరిగాయి.

"ఇది పల్చన. మలుపులో కారు బరువుకి ఆగదు. రాయి తగిలితే పేలిపోతాది," అని దాన్ని పక్కన పడేశాడు. అతుకు రబ్బరు టైరు చూపిస్తే వాసన చూసి, "వానలో ఊడిపోతాది," అన్నాడు. "వానలో ఎల్లాల నేను. ఆనందపురం రోడ్డు. కొత్తవే తెప్పించు. లోతు గాడి ఉన్నవి. ఆరు."

"నాలుగు, స్టెప్నీ ఒకటి. అయిదు కదండీ?"

"ఆరు. స్టెప్నీలు రెండు."

ఎల్లాజీ నవ్వాడు. "ఎనకాల ఒకటే పడతాది బాబూ. రెండోది ఎక్కడ పెడతారు?"

"ఒళ్ళో పెట్టుకుంటాను," అన్నాడు జగన్నాధం. 

వెంకటరావుకి సిగ్గేసింది. కొట్లో ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారు. "సరే, పదండి," అనబోయి పిన్ని వైపు తిరిగాడు. మహాలక్ష్మమ్మ పైట కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"ఆరే తెప్పించు ఎల్లాజీ," అందావిడ.

* * *

ఇంటికి వచ్చి, పెద్దాయన మధ్యాహ్నం నిద్రలోకి జారాక, వెంకటరావు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఊరంతా నవ్వుతున్నాది పిన్నీ. ఆయన తెలీక అడుగుతన్నారు. నువ్వు తెలిసి ఆడిస్తన్నావు. ఎవరు మెచ్చుకోవాలని?"

"ఎవరూ మెచ్చుకోనక్కర్నేదు."

"మా అమ్మ మీద నీకింత ప్రేమ ఎప్పట్నించి? నువ్వొచ్చాక ఈ ఇంట్లో ఆవిడ పేరెత్తిన మనిషి నేడు. ఫోటో పెట్టెలో పెట్టించినావు. నేను అమ్మా అని ఏడిస్తే నోరు మూసినావు. ఇయ్యాల ఆరు టైర్లు!"

"ఏటండీ ఆ మాటలు?" అంది కన్యాకుమారి భయంగా.

"అననీ," అంది మహాలక్ష్మమ్మ. చేతిలో చేట కింద పెట్టింది. "ఆరెందుకు అడిగినారో తెలుసా నీకు?"

వెంకటరావు తల అడ్డంగా ఊపాడు.

"మీ అమ్మ రెండో కానుపుకి ఇసాపట్నం ఆసుపత్రిలో సేరింది. ప్రాణమ్మీదికొచ్చింది, ఎంటనే రమ్మని టెలిగ్రాం వొచ్చింది. అప్పటికే రైలు ఎల్లిపోయింది. జోరున వాన. మీ నాన్న ఆ కారేసుకుని ఒక్కరూ బయల్దేరినారు. తగరపువలస దాటినాక టైరు పేలిపోయింది. స్టెప్నీ ఏసుకుని మైలు ఎల్లినారో నేదో, అదీ పోయింది. ఇంక నడిసినారు. సెప్పులు బురదలో ఊడిపోతే ఒట్టికాళ్ళతో పరిగెట్టినారు. తెల్లారి ఎల్లీసరికి మీ అమ్మ మీద గుడ్డ కప్పీసినారు. బిడ్డా దక్కనేదు. 'ఆయనొచ్చినారా' అని అడుగుతూ అడుగుతూ పోయిందని పక్కమంచం ఆవిడ సెప్పిందట."

వెంకటరావు గుమ్మాన్ని పట్టుకున్నాడు.

"నేను కాపరానికొచ్చిన కొత్తలో, ఆ సెడ్డులో కూసుని ఏడుస్తుంటే సూసినాను. అప్పుడొక్కసారే సెప్పినారు. ఇంకెప్పుడూ ఆ పేరు నా సెవిన పడనివ్వకు, నేను బతకనేను అన్నారు. ఫోటో నేను దాయనేదు నాయనా, ఆయనే దాసినారు. నువ్వు అమ్మా అనేడిస్తే ఆయన లోపల గోడకి తల కొట్టుకునేవారు. నీ నోరు మూసినానా? మూసినాను. నేను కానిదాన్నయినా పరవానేదనుకున్నాను."

"ఇన్నాళ్ళూ నాకెందుకు సెప్పనేదు?"

"సెప్పొద్దన్నారు కదా."

మహాలక్ష్మమ్మ మళ్ళీ చేట అందుకుంది. తర్వాత వెంకటరావు మెల్లగా అడిగాడు. "మరి రోజూ ఆయన మా అమ్మ పేరే కలవరిస్తుంటే... నీకు బాధ నేదా పిన్నీ?"

"బాధ నేదని ఎవరు సెప్పినారు?" అంది మహాలక్ష్మమ్మ.  "అన్నం పెడతంటే నన్ను సూసి, ఎవరమ్మా నువ్వు అంటారు. మీ పెళ్ళాన్నండీ అంటే కంగారుపడి విస్తరి ముందునించి లేసిపోతారు. అందుకని వంటమనిషిని బాబూ అంటాను. అలగంటే తింటారు. నా కడుపు మాడినా ఆయన కడుపు నిండుతాది కదా."

* * *

వినాయకచవితి వెళ్ళాక పార్సిలు వచ్చింది. ఎల్లాజీ మనుషులు రెండ్రోజులు ఇంట్లోనే ఉండి బ్రేకులూ ఇంజనూ సరిచేసి, టైర్లు ఎక్కించారు. జగన్నాధం పీట వేసుకుని పక్కనే కూర్చున్నాడు. ఒక్కొక్క టైరూ తనే నొక్కి చూసి, సరేనంటేనే తర్వాతది.

బయల్దేరే పొద్దున అతనికి మహాలక్ష్మమ్మే తల దువ్వి కోటు తొడిగింది. వ్యాపారం పని మీద అద్దె జీపు నడిపే అలవాటున్న వెంకటరావు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. తండ్రి పక్కన కూర్చుని ఆరో టైరుని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీకు టాక్సీ మాట్లాడతాను పిన్నీ. ఎనకాలే రా," అన్నాడు వెంకటరావు.

"వొద్దు నాయనా. ఆయన ఆవిడ కోసం ఎల్తన్నారు. మద్దెలో నేనెందుకు?"

జగన్నాధం ఆమెని చూసి చెయ్యెత్తాడు. "వంటమ్మా! పత్యం వండి ఉంచు. బాలింతరాలు వస్తాది."

"అలాగే బాబూ," అంది మహాలక్ష్మమ్మ.

కారు వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలోనే ఉంది. కన్యాకుమారి వచ్చి భుజం పట్టుకుంటే అప్పుడు లోపలికి నడిచింది.

విజయనగరం దాటారు. తగరపువలస దగ్గర గోస్తనీ నది మీదుగా వంతెన దాటారు. ఆసుపత్రికి వెళ్ళాక ఏం చెప్పాలో వెంకటరావుకి తెలియడం లేదు. తండ్రి మాత్రం రోడ్డు పక్కనే చూస్తున్నాడు. ఊపిరి బరువుగా తీస్తున్నాడు. ఒక తాటితోపు దాటాక ఒక్కసారిగా అరిచాడు.

"ఆపు!"

దిగాడు. కారు చుట్టూ తిరిగి టైర్లన్నీ తడిమాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి.

"ఒకటీ పోనేదు," అన్నాడు. మళ్ళీ చుట్టూ తిరిగాడు. "ఒకటీ పోనేదు." రోడ్డు పక్క మైలురాయి మీద కూలబడ్డాడు. చాలాసేపటికి తలెత్తాడు. చూపు మారింది.

"ఎంకట్రావూ."

ఆ పేరు తండ్రి నోట విని నెలలైంది. వెంకటరావు పరిగెత్తి అతని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మీ అమ్మ నేదు కదరా."

"నేదు నాన్నా."

"ఎప్పుడో పోయింది."

"అవున్నాన్నా."

జగన్నాధం ఏడ్చాడు. ముప్పై ఏళ్ళుగా షెడ్డులో దాచుకున్న ఏడుపు ఆ నడిరోడ్డు మీద, వచ్చేపోయే బళ్ళ మధ్య ఏడ్చాడు. కొడుకు భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆఖరికి కోటు చేత్తో ముఖం తుడుచుకుని అన్నాడు: "ఇంటికి పోదాం పద. మహాలక్ష్మి ఒక్కర్తీ ఉన్నాది."

వెంకటరావు తండ్రిని చెయ్యి పట్టుకుని లేపాడు.

"ఒరే, నాకు మతి ఉండటం నేదు కదూ? కూర్మమ్మ పేరు అంటన్నానా?"

"అప్పుడప్పుడు."

"మహాలక్ష్మి వినీలాగా?"

"నేదు," అని అబద్ధమాడాడు వెంకటరావు.

"విననివ్వకురా. పదారేళ్ళ పిల్లగా వొచ్చి నిన్ను ఒళ్ళో ఏసుకుంది. నా ఏడుపు మోసింది. ఒక్కనాడు మూతి ముడవనేదు. కూర్మమ్మ దగ్గరికి సమయానికి ఎల్లనేకపోయినానని కుమిలిపోయినాను గానీ, ఇంట్లో ఉన్నదాని దగ్గరికి ఏనాడూ ఎల్లనేదురా నేను."

"ఆ మాట నువ్వే సెప్పు నాన్నా పిన్నికి. ఇప్పుడే ఎల్లి సెప్పు."

"సెప్తాను. బేగి పోనీ."

వెంకటరావు కారుని ఎన్నడూ లేనంత వేగంగా తోలాడు. దారి పొడవునా తండ్రిని మాట్లాడిస్తూనే ఉన్నాడు. విజయనగరం చేరేసరికి రైలుగేటు పడింది. గూడ్సుబండి. పెట్టె వెనక పెట్టె, ఎంతకీ తరగదు. వెంకటరావు హారన్ మీద చెయ్యి తీయలేదు. పక్కకి చూస్తే తండ్రి తల వాల్చి కునుకు తీస్తున్నాడు.

గేటు లేచింది. కుదుపుకి జగన్నాధం కళ్ళు తెరిచి, ఒళ్ళో టైరు చూసుకుని, కొడుకు వైపు అనుమానంగా చూశాడు.

"బాబూ, ఈ కారు ఎక్కడికెల్తన్నాది?"

* * *

కారు చప్పుడు వినగానే మహాలక్ష్మమ్మ తడిచేతుల్తోనే గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చింది. జగన్నాధం దిగి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇయ్యాల కుదరనేదు వంటమ్మా. ఆవిణ్ణి రేపు తీసుకొస్తాం."

"అలాగే బాబూ. రండి, కాళ్ళు కడుక్కోండి."

అతన్ని పడుకోబెట్టి ఆవిడ పెరటి గట్టు మీద కూర్చుంది. వెంకటరావు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు కూడా అలా కూర్చోలేదు.

"దారిలో నాన్నకి తెలివొచ్చింది పిన్నీ."

మహాలక్ష్మమ్మ గబుక్కున అతని వైపు తిరిగింది. "ఎంతసేపు?"

"విజయనగరం గేటు దాకా. నన్ను పేరు పెట్టి పిలిచినారు. అమ్మ నేదని తెలుసుకుని ఏడ్చినారు. తరవాత... నిన్ను తలుసుకున్నారు."

"నన్నా?"

"నీకు సెప్పాలనే బయల్దేరినారు. నేను తేనేకపోయినాను. గేటు పడిపోయింది పిన్నీ, తేనేకపోయినాను."  మైలురాయి దగ్గర తండ్రి అన్నదంతా, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు.

మహాలక్ష్మమ్మ కదలకుండా విన్నది.

"ఏ పేరన్నారు?" అంది. "సరిగ్గా గుర్తు తెచ్చుకో. కూర్మమ్మ అనీసి ఉంటారు."

"కాదు. మహాలక్ష్మి అన్నారు. 'మహాలక్ష్మి ఒక్కర్తీ ఉన్నాది, ఇంటికి పోదాం' అన్నారు."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. వెంకటరావు ఆమె పాదాల మీద చేతులు వేశాడు. "ఇన్నేళ్ళు నేను నిన్ను..."

"అవన్నీ తరవాత నాయనా," అంది మహాలక్ష్మమ్మ, కన్నీళ్ళలోంచి అతని తల నిమురుతూ. "ఆయనన్న మాట ఇంకోసారి సెప్పు."

వెంకటరావు ఇంకోసారి చెప్పాడు.