‘వద్దు’ బటన్

మధ్యాహ్నం మూడు దాటింది. ముందు గదిలో అమ్మమ్మ కుర్చీలోనే కునుకు తీస్తోంది. ఆవిడ పక్కనున్న బల్ల దగ్గర బొంగరం చప్పుడు చేయకుండా ఏదో పని చేసుకుంటోంది.

బొంగరం ఐదో తరగతి చదువుతోంది. ఒక్క చోట కాలు నిలవదని ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. బడిలో హాజరు వేసేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తు రాదు.

అలాంటి పిల్ల ఇవాళ అరగంట నుంచి కదలకుండా కూర్చుంది. కారణం, ఆమె ముందున్న నల్లటి కీబోర్డు.

అది మామూలు కీబోర్డు కాదు. నోటు పుస్తకంలో సగం ఉంటుంది. మూడు వరసల్లో పదిహేను బటన్లు. ఒక్కో బటన్ ఒక్కో చిన్న తెర. దాని మీద ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ పెట్టుకోవచ్చు. నొక్కితే ఏం జరగాలో కూడా మనమే చెప్పొచ్చు. మావయ్య వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఆయన దగ్గర ఉన్నప్పుడు ఒక బటన్ నొక్కితే వీడియో ముక్కలయ్యేది, ఇంకోటి నొక్కితే పాట కలిసేది. కొత్తది కొనుక్కున్నాక దీన్ని అమ్మమ్మకి తెచ్చిచ్చాడు.

నాలుగు నెలల క్రితం అమ్మమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. ఎవరేం చెప్పినా ఆవిడకి అర్థమవుతుంది. తిరిగి చెబుదామంటేనే మాట రాదు. ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఆవిడ గొంతు వింటే వెనక సీట్లో నిద్రపోయేవాళ్ళు కూడా ఉలిక్కిపడి టికెట్టు చూపించేవారట.

ఇప్పుడు ఆవిడ ఎడమ చేత్తో బటన్ నొక్కితే, దానికి కలిపిన లాప్‌టాప్‌లోంచి మాట వస్తుంది. గ్లాసు బొమ్మ నొక్కితే "మంచినీళ్ళు కావాలి". ఫ్యాను బొమ్మ నొక్కితే "ఫ్యాను వేయండి". ఆ మాటలన్నీ బొంగరం గొంతుతో రికార్డు చేసినవే.

కింది వరసలో ఎడమ చివర ఎర్ర గీత బొమ్మ ఉంది. అది నొక్కితే "వద్దు".

అమ్మమ్మ అన్నిటికంటే ఎక్కువగా నొక్కేది దాన్నే. పాలు తెస్తే వద్దు. దుప్పటి కప్పబోతే వద్దు. పక్కింటివాళ్ళు చూడటానికి వస్తామంటే వద్దు. అమ్మ ఒక్కోసారి పాల గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి నిట్టూరుస్తుంది.

‘ఈ వద్దు అనే మాటే లేకపోతే ఇల్లెంత హాయిగా ఉంటుందో!’ అనుకుంది బొంగరం.

అనుకున్నదే తడవుగా ఎర్ర గీతను తీసేసింది. అక్కడ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే సూర్యుడి బొమ్మ పెట్టింది. లాప్‌టాప్ పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళి, తలుపు మూసి, హుషారుగా ఒక మాట రికార్డు చేసింది.

"చాలా బాగుంది!"

అమ్మమ్మ లేవగానే చూపించి ఆశ్చర్యపరచాలని దాని ఆశ.

ఆ ఆశ తీరలేదు. లాప్‌టాప్‌ను మళ్ళీ కీబోర్డుకి కలిపిందో లేదో, కాలింగ్ బెల్ మోగింది. అమ్మమ్మ చేత ఎక్సర్‌సైజులు చేయించే అంకుల్ ఇవాళ గంట ముందే వచ్చేశాడు. అమ్మ తలుపు తీసి, ఫోను మోగుతుంటే లోపలికి పరిగెత్తింది.

"ఏమ్మా, నిద్ర పాడుచేశానా?" అంటూ అంకుల్ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మమ్మ కుడి చేతిని మెల్లగా పైకెత్తాడు. "పది లెక్కపెట్టేదాకా పట్టుకుందాం. ఒకటి... రెండు..."

అమ్మమ్మ మొహం చిట్లించింది. ఎడమ చెయ్యి బల్ల మీదికి వెళ్ళింది. కళ్ళజోడు లేదు. అయినా ఆ చేతికి చోటు బాగా తెలుసు. కింది వరస, ఎడమ చివర.

"చాలా బాగుంది!" అంది లాప్‌టాప్.

అంకుల్ నవ్వాడు. "అబ్బో! ఇవాళ మంచి ఊపు మీదున్నారే. అయితే ఇంకొంచెం పైకి లేపుదాం. మూడు... నాలుగు..."

"చాలా బాగుంది! చాలా బాగుంది!"

"శభాష్! ఐదు..."

అమ్మమ్మ తల అటూ ఇటూ ఊపుతోంది. అంకుల్ చూపు భుజం మీదే ఉంది. బొంగరం బల్ల పక్కనే నిలబడి అంతా చూస్తోంది. చెప్పాలి. కానీ చెబితే తను చేసింది బయటపడుతుంది.

"ఆరు... ఏడు..."

అమ్మమ్మ కంట్లోంచి నీళ్ళు జారి చెంప మీద పడ్డాయి.

"ఆపండి!" అని అరిచింది బొంగరం. "అంకుల్, ఆపండి! అమ్మమ్మ వద్దంటోంది!"

అంకుల్ చటుక్కున చెయ్యి దించాడు. ఆ అరుపుకి అమ్మ ఫోను పట్టుకుని అలాగే వచ్చేసింది.

బొంగరం ఏడుస్తూనే ఉన్నదంతా చెప్పేసింది. ఎర్ర గీత గురించి, సూర్యుడి బొమ్మ గురించి, ఏడు లెక్కపెట్టేదాకా నోరు మెదపకుండా నిలబడటం గురించి.

అంకుల్ తల పట్టుకున్నాడు. "నాదీ తప్పే. బటన్ మాట విన్నాను గానీ, ఆవిడ మొహం చూడలేదు." అమ్మమ్మ వైపు తిరిగి, "క్షమించండమ్మా" అన్నాడు. భుజానికి ఏమీ కాలేదనీ, రెండు రోజులు నొప్పి ఉంటుందనీ చెప్పి వెళ్ళాడు.

అమ్మ వేడి నీళ్ళలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టింది. బొంగరాన్ని కొట్టలేదు, తిట్టలేదు. ఒకే మాట అంది.

"ఆ వద్దు వినీ వినీ నాకూ విసుగొచ్చేదే. కానీ మా అమ్మ దగ్గర మిగిలిన మాటలే పదిహేను."

బొంగరం ఆ సాయంత్రమే ఎర్ర గీతను దాని చోట పెట్టేసింది. కీబోర్డును అమ్మమ్మ చేతి దగ్గరికి జరిపింది. అమ్మమ్మ దాన్ని వేలితో దూరంగా తోసేసింది.

మర్నాడూ ముట్టుకోలేదు. ఆ మర్నాడూ అంతే. పాలు ఇస్తే మాట్లాడకుండా తాగింది. దుప్పటి కప్పితే కప్పించుకుంది. ఇంట్లో ఇప్పుడు వద్దు అనే మాటే వినిపించడం లేదు. హాయిగా మాత్రం లేదు.

మూడో రోజు బడి నుంచి రాగానే బొంగరం లాప్‌టాప్ ముందు కూర్చుని పదిహేను బొమ్మలూ తీసేసింది. తెరలన్నీ నల్లబడ్డాయి. ఆ కీబోర్డును తెచ్చి అమ్మమ్మ పక్కన పెట్టింది.

"అమ్మమ్మా, అన్నీ తీసేశాను. నువ్వు ఏది ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. నాకు నేనుగా ఒక్కటీ పెట్టను."

అమ్మమ్మ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. బొంగరం లేవలేదు. కాళ్ళు ఊపలేదు. వీధిలో పిల్లలు సైకిళ్ళ మీద వెళుతూ పిలిచారు. అప్పుడూ లేవలేదు.

చివరికి ఎడమ చెయ్యి మెల్లగా కదిలింది. వేలు కింది వరసలో ఎడమ చివర ఆగింది.

"ఇక్కడ ‘వద్దు’ బటన్. అదే కదా?"

అమ్మమ్మ తలూపింది. బొంగరం లాప్‌టాప్ మీదికి వంగి గొంతు సవరించుకుంది. అమ్మమ్మ తల అడ్డంగా ఊపి, వంటింటి వైపు చూపించింది.

"నా గొంతు బాగాలేదా?" బొంగరం మొహం చిన్నబోయింది.

అమ్మమ్మ దాని చెంప నిమిరింది. మళ్ళీ వంటింటి వైపే చూపించింది.

చేతులు తుడుచుకుంటూ అమ్మ వచ్చింది. విషయం విని, "నీది పదేళ్ళ గొంతు. అమ్మమ్మది కాదు కదా. నా గొంతు అచ్చం ఆవిడ గొంతులా ఉంటుందంటారు" అని, "వద్దు" అని మెల్లగా రికార్డు చేసింది.

అమ్మమ్మ బల్ల మీద చరిచింది. ఇంకా గట్టిగా అని అర్థం. అమ్మ మళ్ళీ చెప్పింది. మళ్ళీ చరుపు. మూడోసారి అమ్మ చీర కొంగు బిగించి, "వద్దు!" అని ఒక్క కేక పెట్టింది.

"అమ్మో, బస్సు ఆగిపోతుంది!" అంది బొంగరం. అమ్మమ్మ భుజాలు కదిలేలా నవ్వింది. నోరు సగమే నవ్వింది గానీ, కళ్ళు రెండూ నవ్వాయి.

తర్వాతి మాట ఇంత తేలిగ్గా తేలలేదు. అమ్మమ్మ అరచేతిని ముందుకు తోస్తూ ఏదో చెబుతోంది.

"తలుపు వేయాలా? టీవీ ఆపాలా? గోడకి రంగు వేయాలా?"

కాదు, కాదు, కాదు.

"ముందుకు జరగండి! ముందుకు జరగండి!" అంది అమ్మ ఉన్నట్టుండి, బస్సులో కండక్టరు అరిచినట్టు. అమ్మమ్మ బల్ల మీద దబదబా చరిచింది. చూడటానికి వచ్చేవాళ్ళంతా ఆవిడ కుర్చీ చుట్టూ గుమిగూడి గాలి ఆడనివ్వరు మరి!

ఆ తర్వాత అమ్మమ్మ బొంగరం బడి సంచీని చూపించింది. తన చెవి పట్టుకుంది.

"బడిలో నాకేమైనా శిక్ష వేశారా అనా?"

కాదు. చెవి. వింటాను.

"బడిలో ఏం జరిగిందో చెప్పమనా?"

అమ్మమ్మ గట్టిగా తలూపింది. పాత బటన్లలో ‘వద్దు’ తప్ప మిగతావన్నీ ‘కావాలి’, ‘వేయండి’, ‘తెండి’ అనే మాటలే. ఆవిడ ఎవరినైనా ఏదైనా అడిగే మాట ఒక్కటీ లేదు. బొంగరానికి ఆ సంగతి అప్పుడే తట్టింది.

ఆ రోజు ఐదు బటన్లే నిండాయి. మిగతావి నిండటానికి వారం పట్టింది.

మళ్ళీ ఎక్సర్‌సైజుల రోజు వచ్చింది. ఈసారి అంకుల్ అమ్మమ్మకి ఎదురుగా, మొహం కనిపించేలా కూర్చున్నాడు.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు..."

"వద్దు!"

ఆయన చెయ్యి అక్కడికక్కడే ఆగింది. అమ్మమ్మ ఊపిరి పీల్చుకుంది. కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత ఇంకో బటన్ నొక్కింది.

"మళ్ళీ."

ఆ రోజు తొమ్మిది దాకా వెళ్ళారు.

ఈ సంగతులన్నీ బొంగరం బడిలో చెప్పకుండా ఉంటుందా? సైన్సు టీచరు విని ముచ్చటపడింది. "శుక్రవారం మన సైన్సు ప్రదర్శనకి అమ్మానాన్నలందరూ వస్తారు. మీ అమ్మమ్మగారిని కీబోర్డుతో సహా తీసుకురా. ఆవిడే నొక్కి చూపిస్తే ఎంత బాగుంటుంది!" అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. బొంగరం ఇంటికి పరుగున వచ్చింది.

"బడిలో ఏం జరిగింది?" అని బటన్ నొక్కి అడిగింది అమ్మమ్మ.

బొంగరం గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మావయ్య కార్లో తీసుకెళతాడు. మెట్లు లేవు. ముందు వరసలో కుర్చీ వేస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. "వస్తావా అమ్మమ్మా?"

అమ్మమ్మ అంతా విన్నది. ఒళ్ళో పడి ఉన్న తన కుడి చేతిని చూసుకుంది. చాలాసేపు ఆలోచించింది.

"వద్దు."

బొంగరానికి ఒక్కసారి వస్తే ఏమవుతుంది అనే మాట పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"సరే అమ్మమ్మా" అంది.

మర్నాడు పొద్దున బొంగరం టీచరు దగ్గరికి వెళ్ళింది.

"మా అమ్మమ్మ వద్దంది టీచర్."

"అయ్యో! కొంచెం బతిమాలి చూడకపోయావా?"

"లేదు టీచర్. అన్నీ వివరంగా చెప్పాను. విని, ఆలోచించుకుని, వద్దంది."

టీచరు దాని వైపు ఒక్క క్షణం చూసి, జాబితాలో పేరు కొట్టేసింది.

బెంచీ మీద పక్కన కూర్చునే స్నేహితురాలికి మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. "నేను బడంతా చెప్పేశానే! ఇప్పుడెలా?"

"నువ్వుండు. నేను చెప్తాను" అని బొంగరం లేచింది. ముందు బెంచీతో మొదలుపెట్టి, "మా అమ్మమ్మ రావట్లేదు, వద్దంది" అని ఒక్కొక్కరికే చెప్పుకుంటూ చివరి బెంచీ దాకా వెళ్ళింది.