పిట్టలమ్మ ఇంట ఎలుకల పోరు

తెల్లవారితే చాలు, వెనుక గదిలో కీచురాళ్ళ రొద మొదలయ్యేది. ఆ రొద వింటూనే పిట్టలమ్మ టీ పెట్టుకునేది. ఆ రోజు నీళ్ళు మరుగుతున్నాయి గాని గదిలో చప్పుడు లేదు. స్టవ్వు ఆర్పి, గబగబా వెళ్ళి తలుపు తీసింది.

పేర్చి పెట్టిన ప్లాస్టిక్ తొట్లలో కిందివాటి మూలలు కొరికేసి ఉన్నాయి. కీచురాళ్ళు దాక్కోవడానికి పెట్టిన గుడ్ల అట్టలు చింపిరి చింపిరిగా పడి ఉన్నాయి. నేలంతా తెగిన కాళ్ళు, రెక్కలు, వాటి మధ్య నల్లటి ఎలుక పెంటికలు.

"తిన్నంత తిని, మిగిలింది విసిరి కూడా పోయారు, దొంగ వెధవలు!" అందామె, బతికున్నవాటిని నేల మీదినుంచి ఏరుకుంటూ.

నర్సుగా పనిచేసి రిటైరైనప్పటినుంచీ ఆమె ఇంట్లో దెబ్బ తిన్న పిట్టలకు చోటు తప్పలేదు. గూట్లోంచి జారిన పిల్లనైనా, కిటికీ అద్దానికి కొట్టుకుని రెక్క విరిగినదాన్నైనా వీధిలోవాళ్ళు ఆమె దగ్గరికే తెచ్చేవారు. పిట్టలమ్మ అన్న పేరు అలా వచ్చిందే. గింజలు తినేవాటితో చిక్కు లేదు. ఎగురుతూ గాలిలోనే పురుగులు పట్టే జాతి ఒకటుంది. దాని పిల్లలు గింజ ముట్టవు, పాలు పోస్తే చస్తాయి. వాటికోసమే ఈ కీచురాళ్ళ పెంపకం. ఇప్పుడు అట్టపెట్టెలో అలాంటి పిల్ల ఒకటి, కరెంటు స్తంభం కింద దొరికిందని లైన్‌మన్ ఇచ్చి వెళ్ళినది, నోరు బార్లా తెరుచుకుని అరుస్తోంది.

"ఉండు తల్లీ, ఉండు. నువ్వు పస్తు పడుకునే రోజు నా ఇంట్లో రాదు," అంటూ చిన్న పట్టకారుతో ఒక్కో పురుగూ అందించింది.

అంతలో వంటింట్లోంచి కోడలి కేక వినిపించింది.

కోడలు బడిలో లెక్కల టీచరు. పాప పుట్టాక సెలవులో ఉంది. సీసాలు పెట్టుకునే సొరుగు బయటికి లాగి నిలబడింది. పాల సీసాల మధ్య కూడా అవే నల్లటి పెంటికలు.

"అత్తయ్యా, నా బిడ్డ నోట్లో పెట్టుకునే సీసాలండీ ఇవి!"

"మరగబెట్టేద్దాం అమ్మా. నేను..."

"ఎన్నని మరగబెడతాం? మీ పురుగుల కోసమే కదా ఎలుకలొచ్చింది!"

లిఫ్టు మెకానిక్ అయిన కొడుకు అప్పుడే పనికి బయలుదేరుతున్నాడు. సొరుగు చూశాడు, తల్లిని చూశాడు.

"అమ్మా, ఇక చాలు. ఆ తొట్లన్నీ తీసెయ్."

"తియ్యను," అంది పిట్టలమ్మ.

"అదేం మాటమ్మా?"

"ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? పోవలసింది ఎలుకలు. పురుగులు కాదు."

ఆ రోజే బోనులు కొని తెచ్చింది. వేరుసెనగ గింజ పెట్టి గోడ వారగా వరుసగా అమర్చింది. ఒక చిట్టెలుక పడింది, కాని కొరకడం ఆగలేదు. తొట్లు బల్ల మీదికి ఎక్కించింది. ఎలుకలు కర్టెన్ పట్టుకుని బల్ల మీదికి దిగాయి. కర్టెన్ పీకేసింది. అయినా పొద్దున లేచేసరికి మరో మూల కొరికి ఉంది. అన్నం తింటూ కొడుకు, "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే," అన్నాడు. కోడలు నవ్వలేదు. పిట్టలమ్మకూ నవ్వు రాలేదు. పడుకునే ముందు ఆమె చూసుకునే ఆ అట్టపెట్టెలో పిల్లకు ఈకలు మొలుస్తున్నాయి. ఇప్పుడే దాని ఆకలి రెండింతలయింది.

ఆదివారం పొద్దున తొట్టిలో చెయ్యి పెట్టి, ఆమె ఆగిపోయింది. క్యారెట్ ముక్కల పక్కన నీలం రంగు పలుకు ఒకటి. దాని చుట్టూ కీచురాళ్ళు మూగి తింటున్నాయి. పట్టకారులో అప్పటికే ఒక పురుగుంది. పిల్ల నోరు తెరిచి ఎదురు చూస్తోంది.

ఆమె ఆ పురుగును కింద పడేసింది. నేల మీద కూర్చుని చూసింది. బీరువా కింద నీలం ఎలుకల మందు బిళ్ళ, తలుపు వెనుక ఇంకొకటి, వరండాలో, సోఫా కింద. ఎలుకలే వాటిని కొరికి పలుకులు తొట్టిలోకి మోసుకొచ్చాయి. ఆ తొట్టెడు కీచురాళ్ళనూ ఆమె తన చేతులతోనే పారబోయవలసి వచ్చింది. తర్వాత చేతికి రబ్బరు తొడుగులేసుకుని, బిళ్ళలన్నీ ఏరి ఒక పాత పళ్ళెంలో వేసి, టీ తాగుతున్న కొడుకు ముందు పెట్టింది.

"ఇది నీ పనేనా?"

కొడుకు కప్పు దించాడు. "ఇంకేం చెయ్యమంటావ్? నా కూతురు ఇంటినిండా పాకుతోంది. ఎలుక మూత్రం మీద పాకాలా?"

"విషం మీద పాకొచ్చా?"

కోడలు పాపను చంకలో వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. పళ్ళెం చూసి ఆమె ముఖం తెల్లబోయింది. "ఏవండీ... సోఫా కింద పెట్టారా? నిన్న పాప అక్కడే ఆడుకుంది!"

"లోపలికంటా తోశాను. దాని చెయ్యి అందదు."

"దాని చేతికి అందనిది ఈ ఇంట్లో ఏముందండీ?"

ఇద్దరు ఆడవాళ్ళూ తననే తప్పు పడుతుంటే కొడుక్కి ఉక్రోషం పొడుచుకొచ్చింది. తల్లివైపు తిరిగాడు.

"నువ్వు మాట్లాడకమ్మా. గంటగంటకీ లేచి ఆ పిట్టకి తినిపిస్తావు. నీ మనవరాలిని ఎప్పుడైనా ఎత్తుకున్నావా? ఒక్కసారైనా? ఈ సాయంత్రానికి తొట్లు బయట ఉంటాయి. నేనే పారేస్తా."

"పారెయ్ చూద్దాం!" పిట్టలమ్మ గొంతు ఖంగుమంది. "ఈ ఇంటికి పునాది తవ్వుతున్నప్పుడు నువ్వు నా కడుపులో ఉన్నావు. ఆ గదిలోంచి ఒక్క తొట్టి కదిలినా ఊరుకోను. మనవరాలిని ఎత్తుకోలేదంటావా? ఎత్తుకోనిచ్చారా?"

పిట్టలమ్మ కోడలివైపు చూసింది.

"ఆసుపత్రినుంచి తెచ్చిన రోజు చేతులు చాచాను. 'పురుగులు పట్టిన చేతులు, వద్దత్తయ్యా' అంది. నా సర్వీసంతా పుట్టిన బిడ్డల్ని కడిగిన చేతులవి. ఆ మాట విన్నాక మళ్ళీ ఎలా చాచనురా? ఆ నోరు తెరుచుకుని అరిచే పిల్లకి నా చేతులంటే రోత లేదు. అందుకే దాని దగ్గర కూర్చున్నాను."

కోడలు కన్నార్పకుండా చూస్తోంది. "నేనన్నానా అత్తయ్యా ఆ మాట?" పాపను చంకలో సర్దుకుంది. "కుట్లు లాగుతూ, నిద్ర లేక... నాకు గుర్తు కూడా లేదు. మీకు పాపంటే ఇష్టం లేదేమో, ఆడపిల్ల పుట్టిందనేమో అనుకుని ఇన్నాళ్ళూ నేను..."

ఆమె మాట పూర్తి కాలేదు. గోడ వారగా బూడిదరంగు చిట్టెలుక ఒకటి సర్రున పరుగెత్తింది. పట్టపగలు, ముగ్గురి కళ్ళ ముందే, వంటింట్లోకి దూరింది.

"అమ్మ దొంగా!" కోడలు ఒక్క ఉదుటున కదిలి, పాపను అత్తగారి మీదికి తోసింది. "పట్టుకోండి అత్తయ్యా!"

"నా చేతులు... తొడుగులు..."

"లాగి అవతల పారెయ్యండి! ఎలుక పోతుంటే ఇప్పుడు చేతులంటారేంటండీ!"

పిట్టలమ్మ తొడుగులు ఊడబెరికి పాపను అందుకుంది. బరువు ఆమె అనుకున్నదానికన్నా ఎక్కువే. పాప ఆమె ముక్కు పట్టుకుని లాగింది.

వంటింట్లో కోడలు నేల మీద బోర్లా పడుకుని, టార్చి వేసి సింకు కిందికి చూస్తోంది. "ఇదిగో దొరికింది! పైపు గోడలోకి పోయే చోట కన్నముంది. పిడికిలి పడుతుంది. ఏవండీ, ఈ అలమర లాగండి!"

కొడుకు అలమర లాగాడు. వెనుక ఎండి బూజు పట్టిన పెంటికలు కుప్పలు పడి ఉన్నాయి. కన్నం అవతల పక్క స్థలం కనబడుతోంది. కిందటేడు పాత గోదాము కూల్చేసిన చోటది. అతను చాలాసేపు వంగి చూశాడు.

"గోదాము పడగొట్టగానే నిలువ నీడ లేక ఇటు వచ్చాయి," అన్నాడు చివరికి. "పురుగులతో పని లేదు. అమ్మా... పురుగులు పెంచకపోయినా వచ్చేవే."

"పురుగులు రుచి చూపించాయిలేరా. నా తప్పు అసలు లేదనను," అంది పిట్టలమ్మ. "ప్లాస్టిక్ తొట్లలో పెట్టడం నా బుద్ధి తక్కువ."

ఆ ఆదివారమంతా ఇంట్లో ఒకటే సందడి. కోడలు గిన్నెలు తోమే స్టీలు పీచు తెచ్చి, కన్నంలో కుక్కి కుక్కి నింపింది. కొడుకు పైన సిమెంటు పూశాడు. తర్వాత వర్క్‌షాపుకి వెళ్ళి రేకులు, ఇనుప జాలీ తెచ్చి, పెరట్లో కూర్చుని పెట్టెలు చేశాడు. జాలీ ఎలుక పంటికి తెగదు, కీచురాయి దూరదు. మిగిలిన కొద్ది కీచురాళ్ళనూ అందులోకి మార్చారు. అవి మళ్ళీ పెరిగేదాకా పిట్టపిల్లకు కోడలే పెరటి గడ్డిలో మిడతలు పట్టి తెచ్చింది. మొదటిదాన్ని చేత్తో ముట్టుకోవడానికి కళ్ళు గట్టిగా మూసుకుంది. మూడోదానికల్లా తెరిచే పట్టింది.

పొద్దు వాలుతుండగా కొడుకు సుత్తి పక్కన పెట్టి, తల్లి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. పాప ఆమె ఒళ్ళోనే నిద్రపోయింది.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది నేను," అన్నాడు, నేల చూస్తూ. "ఎత్తుకోలేదని."

ఆమె పాప నెత్తి మీద ముఖం ఆనించుకుంది. లేత జుట్టు తడిసింది.

గేటు దగ్గర పక్కింటాయన నిలబడి, "ఎలుకలట కదా? ఆ పురుగుల గది ఎత్తేస్తున్నారని అనుకుంటున్నారు వీధిలో," అన్నాడు.

కొడుకు లేవబోయాడు. అప్పటికే కోడలు, చేతిలో మిడతతోనే, గేటు దాకా వెళ్ళింది.

"ఎవరన్నారండీ? మా అత్తయ్య గది అది. ఇంకో రెండు పెట్టెలు కూడా పెంచుతున్నాం. మీ సింకు కింద కన్నముందేమో ముందు చూసుకోండి. మా ఇంట్లోంచి తరిమిన ఎలుకలు ఇప్పుడు మీవైపే వస్తాయి."