స్కార్వీక్ వంతెన లోపల తట్టేదెవరు

స్కార్వీక్ వంతెన కింద పొద్దుగూకాక ఎవరూ పడవ కట్టరు. బోలుగా ఉండే ఆ వంతెన లోపలి నుంచి ఎవరో తడతారట... కట్టేటప్పుడు కాంక్రీటులో పడి తేలని పనివాడు ఇంకా దారి వెతుక్కుంటున్నాడని చెప్పుకుంటారు.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం ఇంజనీరు రాగ్న అక్కడ కారు ఆపింది. పొద్దున్నుంచి ఓస్లోలో, వంతెనల ప్రమాణాలు రాసే కమిటీలో, ఒక్క వాక్యం కోసం వాదించి గొంతు పోయింది — పాత వంతెనల్లో కాంక్రీటు లోపల బిగించి ఉండే ఉక్కు తీగల్ని విధిగా పరీక్షించాలని. వరసగా ఏడో ఏడు కూడా ‘వచ్చేసారి చూద్దాం’ అన్నారు. ఇంటికెళ్లి పడుకోవాలనే ఉంది. కానీ ఈ ఏటి తనిఖీ మిగిలిపోయింది.

ఒడ్డున, వంతెనకు ఎడంగా కట్టిన తన పడవ దగ్గర, లాంతరు పెట్టుకుని ముసలి తోర్లీఫ్ కూర్చుని ఉన్నాడు.

“లోపలికా, ఇంజనీరమ్మా?” గుసగుసగా అడిగాడు. “మా అన్న ఉంటాడు. భయపడకు.”

“మీ అన్నా?”

“నలభై ఏళ్లయింది. శవం కూడా దొరకలేదు.”

రాగ్న వంతెన ఇనుప తలుపు తీసి, టార్చి పట్టుకుని, వంగి నడిచింది. పైన ఒక లారీ వెళ్లింది... గోడలు వణికి, సద్దుమణిగాయి.

టక్.

గిర్రున వెలుగు తిప్పి చూసింది — ఎవరూ లేరు. అరచేయి గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడింది. చాలాసేపు...

టక్.

ఈసారి చేతికే తగిలింది, అవతల ఎవరో గుద్దినట్టు.

అప్పుడు అర్థమైంది. దెయ్యమైనా బాగుండేదనుకుంది.

బయటికి పరుగెత్తి రోడ్ల ఆఫీసుకు ఫోన్ చేసింది.

“స్కార్వీక్ వంతెన మూసేయండి.”

“కారణం ఏం రాయమంటారు మేడమ్, దెయ్యమనా?”

“కాంక్రీటు లోపల తీగలు తెగుతున్నాయి. ఒక్కొక్కటిగా. నా పేరు రాసుకోండి.”

వాళ్లొచ్చేదాకా ఆగకుండా కారును రోడ్డుకు అడ్డంగా పెట్టింది.

తోర్లీఫ్ అంతా విన్నాడు. “అయితే... అది మా అన్న కాదా?”

“కాదు తోర్లీఫ్ గారూ.”

ఆయన లేచాడు. “అవతలి వైపు బండ్లు నేనాపుతాలే,” అని లాంతరు తీసుకుని, వంతెనకు దూరంగా పడవ నడుపుకుంటూ వెళ్లాడు.

బండి ఒక్కటీ ఎక్కని ఆ వంతెన తెల్లారేలోగా మరొక్కసారి తట్టింది. రాగ్న కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే — అవతలి ఒడ్డున, చీకట్లో, జవాబిస్తున్నట్టు లాంతరు మెల్లగా పైకి లేస్తోంది.