లోహజంఘుడి కత్తుల గుహ

మణిశైల రాజ్యానికి ఉత్తరాన నీలికనుమ అనే కొండదారి ఉండేది. లోహజంఘుడనే రాక్షసుడు ఆ దారిలో ఒక గుహను చూసుకుని మకాం పెట్టినప్పటి నుంచి రాజ్యానికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. వాడు పశువుల మందలను మింగేవాడు, బాటసారులను తరిమేవాడు. వాణ్ని చంపుతామని వెళ్లిన వీరుల్లో ఒక్కరూ తిరిగి రాలేదు. చివరికి రాకుమారుడు రుద్రకేతు మీసం మెలేసి బయల్దేరాడు. వానలు వచ్చి వెళ్లాయి గాని అతడు మాత్రం రాలేదు. వీరభాను మహారాజు బెంగతో మంచం పట్టాడు.

రుద్రకేతుకు హేమలేఖ అనే చెల్లెలుంది. అన్నకు కత్తి తిప్పడమంటే ఎంత ఇష్టమో, ఆమెకు కత్తులను చూసుకోవడమంటే అంత ఇష్టం. అన్న సాము ముగించి కత్తిని ఎక్కడో పారేసి పోతే, విసుక్కుంటూనే దాన్ని తుడిచి నూనె రాసి పెట్టేది. కోట ఆయుధశాలలో ఆమె చెయ్యి పడని బాకు లేదు. ఇప్పుడు ఆ పిల్లే ఒక సానరాయి, నూనె బుడ్డి, ఇటుక పొడి, పాత నూలు గుడ్డలు మూటగట్టుకుని తండ్రి ముందు నిలబడింది.

"అన్నను తీసుకొస్తాను నాన్నగారూ," అంది.

"చేతిలో కత్తైనా లేకుండానా తల్లీ?"

"కత్తులు పట్టుకెళ్లినవాళ్లు ఏమయ్యారో చూశాం కదా."

ఆమె దండం పెట్టి అడవి దారి పట్టింది.

అడవి నడుమ లోతు తెలియని లోయ అడ్డొచ్చింది. దాని అంచున ఒక గండభేరుండ పక్షి తనతో తానే పోట్లాడుతోంది. దాని రెండు తలల్లో కుడి తల ముక్కు మొద్దుబారిపోయింది.

"నేను కొరకలేకపోతున్నానని పండ్లన్నీ నువ్వే మెక్కుతున్నావు," అంటోంది కుడి తల.

"ఎవరు మెక్కినా పోయేది ఒక్క కడుపులోకే కదా, ఆ ఏడుపెందుకు?" అంటోంది ఎడమ తల.

హేమలేఖకు నవ్వాగలేదు. సానరాయి తడిపి, ఆ మొద్దు ముక్కును ఓపిగ్గా పదును పెట్టింది. కుడి తల ఒక్క పోటుతో పనసకాయను చీల్చి చూసుకుని మురిసిపోయింది. "ఏం కావాలో అడుగు తల్లీ," అంది. హేమలేఖ అన్న సంగతి చెప్పింది.

"లోహజంఘుడు మనుషుల్ని చంపడు," అంది ఎడమ తల. "ఓడినవాళ్లను కత్తులుగా మార్చి గుహలో గోడకు తగిలించుకుంటాడు. ఆ కత్తిని తుప్పు పూర్తిగా తినేసిన నాడు లోపలి మనిషి దక్కడు."

"వాళ్లను విడిపించే దారి లేదా?"

"వాడంతట వాడే వాళ్లకు తల వంచి మొక్కితే మంత్రం వీగిపోయి, తిరిగి వాడికే తగులుతుంది. కానీ దేవతలకే వంచని తల అది," అని కుడి తల నిట్టూర్చింది. తర్వాత పక్షి ఆమెను వీపున ఎక్కించుకుని లోయ దాటించి, గుహ ముందు దింపింది.

గుహంతా చెమ్మ. గోడల నిండా ఖడ్గాలు, కటార్లు, బాకులు, అన్నీ తడి తోలు ఒరల్లో సగం దిగి, ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. వాటి మధ్య లోహజంఘుడు దిగులుగా కూర్చుని ఒక ఖడ్గాన్ని పంచె చెంగుతో రుద్దుతున్నాడు.

"ఎవతివే నువ్వు?" అని ఉరిమాడు.

హేమలేఖ చూపు వాడి చేతి మీదికే పోయింది. "అలా అడ్డంగా రుద్దకండి, గీతలు పడతాయి," అనేసింది.

రాక్షసుడు తెల్లబోయాడు.

"తడి తోలు ఒరల్లో దోపి, పైగా చెమట చేతులతో తడుముతూ ఉంటే ఇనుము ఎలా నిలుస్తుంది? నాకు అప్పజెప్పండి, అద్దాల్లా చేసి ఇస్తాను."

వాడికి ఆ కత్తులంటే పంచప్రాణాలు. "సరే గాని, మాట తప్పావంటే నిన్నూ ఒక చాకుగా మార్చి ఆ మూల తగిలిస్తాను," అని ఒప్పుకున్నాడు.

ఆమె ఒరలన్నీ ఊడదీసి ఎండలో పడేసింది. ఇటుక పొడిలో నూనె కలిపి, పిడి దగ్గర నుంచి మొన దాకా నిలువునా, ఒక్కో కత్తినీ రుద్దసాగింది. ఒక ఖడ్గం మాత్రం చెయ్యి తగలగానే మెలికలు తిరిగింది. మళ్లీ రుద్దితే కిలకిలమంది. హేమలేఖకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చక్కిలిగింతలకు ఆగలేని మనిషి వాళ్లింట్లో ఒక్కడే ఉన్నాడు. "ఓర్చుకో అన్నయ్యా," అని గొణిగి, రాక్షసుడు వినకుండా గట్టిగా దగ్గింది.

మహానవమి వచ్చేసరికి గుహ ధగధగలాడిపోయింది. లోహజంఘుడు పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. హేమలేఖ కత్తులన్నీ వరసగా పీటల మీద పేర్చి, బాటసారులు వదిలేసి పారిపోయిన మూటల్లో దొరికిన గంధం, కుంకుమ పెట్టి, అడవిపూలు చల్లింది.

"ఇక ఆయుధపూజే మిగిలింది. వచ్చి సాగిలపడండి," అంది.

"నేనా? నేను దేవేంద్రుడికే మొక్కలేదు."

"దేవేంద్రుడికి మొక్కమన్నానా? ఇది ఇనుము. మా నాన్నగారు మహారాజే, అయినా ఏటా మొక్కుతారు. మీ ఇష్టం. రేపు మళ్లీ తుప్పు పడితే మాత్రం నన్నడక్కండి."

లోహజంఘుడు కత్తుల వంక చూశాడు. అవి మనుషులన్న సంగతి ఆ క్షణాన వాడికి గుర్తే లేదు. ఆ మెరుపు పోతుందేమోనన్న భయం ఒక్కటే వాడి బుర్రలో ఉంది. చేతులు జోడించి, నేలకు తల ఆనించాడు.

గుహ దద్దరిల్లింది. పీటల మీది కత్తులు ఒక్కొక్కటే లేచి మనుషులై నిలబడ్డాయి. లోహజంఘుడు తల ఎత్తేలోగానే వాడి ఒళ్లు ముడుచుకుపోయి, చివరికి ఒక వంకర కత్తిపీటగా మిగిలాడు. రుద్రకేతు చెల్లెల్ని దగ్గరకు తీసుకుని, "ఆ ఇటుక పొడితో అంతలా తోమాలా? వీపు మండిపోతోంది," అన్నాడు. హేమలేఖ నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది.

గండభేరుండం లోయ దాటించిన వీరులందరితో ఆమె కోటకు వస్తుంటే, అన్నాళ్లూ మంచం దిగని మహారాజు వీధిలోకి ఎదురొచ్చాడు. మంచి రోజు చూసి కొడుక్కి పట్టం కట్టబోయాడు. రుద్రకేతు కిరీటం అందుకున్నాడు గాని తన తలమీద పెట్టుకోలేదు.

"తుప్పు నన్ను పొరలు పొరలుగా తింటుంటే, ఇక నన్నెవరూ గుర్తుపట్టరని భయపడ్డాను నాన్నగారూ. చెల్లి చెయ్యి పడ్డాక ఆ భయం పోయింది. నన్ను గుర్తుపట్టాక కూడా అందర్నీ ఒక్కలాగే చూసుకుంది. రాజ్యం అలాంటి చేతుల్లో ఉండాలి," అని కిరీటాన్ని హేమలేఖ తలమీద పెట్టాడు. నీలికనుమ నుంచి బతికి వచ్చిన వీరుల కేకలకు కోట మారుమోగింది.

రుద్రకేతు ఆమెకు సేనాపతిగా ఉన్నాడు. హేమలేఖ ఏలినన్నాళ్లూ మణిశైలం మీద కత్తి దూసే సాహసం ఎవరూ చేయలేదు.