కెప్టెన్ చెవులు విదిలిస్తే

"ఏమయ్యా, ఈ కుక్క మీదేనా?"

పోలేరయ్య తలెత్తి చూశాడు. ఎదురుగా ఒక అమ్మాయి. ఒక చేతిలో ఖాళీ చాప, రెండో చేతిలో కుక్క మెడ. అమ్మాయి కళ్లలోంచి నిప్పులు రాలుతున్నాయి. కుక్క మాత్రం హాయిగా తోక ఊపుతోంది.

"మాదే. పేరు కెప్టెన్."

"కెప్టెన్ గారు మా నెత్తళ్ల చేపలన్నీ మేసినారు. ఎండబోసి అట్టా తిరిగినానో లేదో, చాప ఖాళీ!"

"నెత్తళ్లేనా? వాడికి టేస్టు తెలుసు."

"టేస్టూ లేదు గీస్టూ లేదు. కట్టేసుకో!"

చాప దులిపి, జడ విసిరి వెళ్లిపోయింది. దుమ్మంతా పోలేరయ్య కళ్లలో పడింది. అయినా కళ్లు మూయలేదు మహానుభావుడు.

నైలాను వలలు కొత్తగా వస్తున్న రోజులవి. ఆ పని నేర్చుకోవడానికి సర్కారు ట్రైనింగులో ఏడాదిపాటు ఉండి, నిన్ననే తన ఊరు మైపాడు చేరాడు పోలేరయ్య. ఆ ఏడాదిలోనే వీళ్ల పక్కకి ఆదెయ్య వచ్చి చేరాడు. తన పల్లెను సముద్రం కోసేస్తే తెప్పనూ వలనూ తల్లిలేని కూతురు అంకాలమ్మనూ వెంటబెట్టుకుని వచ్చి ఇక్కడ పాక వేసుకున్నాడు. వాళ్లదీ వీళ్లదీ ఒకే కులం, వరసలు కూడా కలుస్తాయి.

"అమ్మా, కుక్కను కట్టేయకూడదా?" అని అడిగాడు తల్లి ముసలమ్మను.

"నోరులేని జీవాన్ని కట్టేసేదేందిరా! వాళ్ల నాయన గూడా ఇట్టానే ఊరంతా తిరిగినాడు, ఎవురన్నా ఏమన్నారా?" అంది ముసలమ్మ. ఆమె చెబుతున్నది కుక్క నాయన గురించి.

పోలేరయ్య మళ్లీ అడగలేదు. కెప్టెన్ తిరగకపోతే అంకాలమ్మ దెబ్బలాటకు రాదు. అంకాలమ్మ రాకపోతే పొద్దు గడవదు. మనిషి అప్పటికే అంత దూరం వచ్చేశాడు మరి.

ఒకరోజు చెప్పాపెట్టకుండా వాన దిగింది. ఎండబెట్టిన చేపలు తడిస్తే పురుగు పడతాయి. అంకాలమ్మ ఒక్కతే చాపలు లాగుతుంటే పోలేరయ్య దూకి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ చూరు కింద నిలబడి ఊపిరి పీల్చుకుంటుంటే కెప్టెన్ కూడా మధ్యలో దూరి కూర్చుంది.

"మీ అమ్మ పెట్టదా దీనికి?" అంది అంకాలమ్మ పైట పిండుకుంటూ.

"పెడతాది. అయినా ఇక్కడికే వస్తాది. ఎందుకో నాకూ అర్థం గావడం లేదు."

"దానికేనా, ఇంటోళ్లందరికీ ఉందా ఆ రోగం?"

పోలేరయ్య వాన వైపు చూశాడు. వాన అతన్ని కాపాడలేదు, అప్పుడే వెలిసింది. అంకాలమ్మ పెదవి కొరికి నవ్వు ఆపుకుంది.

ఇంతలో అంకాలమ్మకు సంబంధాలు మొదలయ్యాయి.

సముద్రం మీద బతికేవాళ్లకు శకునాల పట్టింపు ఎక్కువ. శుభం మాట్లాడుకునేటప్పుడు కుక్క ఎదురొచ్చి చెవులు విదిలించిందంటే ఆ పని అక్కడితో ఆగిపోవలసిందే. కృష్ణపట్నం వాళ్లు వచ్చారు, పిల్ల నచ్చిందన్నారు. ఆకువక్కల పళ్లెం మీద చెయ్యి వేయబోతుండగా కెప్టెన్ గుమ్మంలోకి వచ్చి నిలబడి రెండు చెవులూ టపటపా విదిలించింది. పళ్లెం కింద పెట్టేసి వెళ్లిపోయారు. తర్వాత జువ్వలదిన్నె వాళ్లు వచ్చారు. మళ్లీ పళ్లెం, మళ్లీ కెప్టెన్, మళ్లీ టపటప!

ఆదెయ్య కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాడు పోలేరయ్య. కానీ ఆయన గొంతు పీలగా ఉంది.

"అబ్బయ్యా, శుక్రవారం తుమ్మలపెంటోళ్లు వస్తా ఉండారు. ఆ ఒక్క పూట దాన్ని కట్టేయి. నీకు పున్నెముంటాది."

"అట్టాగే మామా," అన్నాడు పోలేరయ్య. అన్నాక గానీ చిక్కు తెలియలేదు. కుక్కను కట్టేస్తే ఆ పిల్ల తుమ్మలపెంట పోతుంది. కట్టేయకపోతే ఆ పెద్దమనిషికి ఇచ్చిన మాట పోతుంది.

కానీ ఒక సంగతి అతని బుర్రను తొలుస్తూనే ఉంది. ఇంట్లో కెప్టెన్ చెవులు విదిలించడం తనెప్పుడూ చూడలేదు. చెవుల్లో పురుగులున్నాయేమోనని వెతికాడు, లేవు. గంట మోగించి చూశాడు. ఆకూ వక్కా పళ్లెంలో పెట్టి ముక్కు ముందర ఊపి కూడా చూశాడు. కెప్టెన్ వక్క తినేసి ఇంకోటి ఉందా అన్నట్టు చూసింది.

బావి దగ్గర అంకాలమ్మను పట్టుకున్నాడు.

"మీ ఇంట్లోనే ఎందుకు విదిలిస్తాది? చెప్పు."

"దాన్నే అడుగు. కెప్టెన్ గదా, ఇంగ్లీషులో చెప్తాదేమో."

"నువ్వు తుమ్మలపెంట పోతావా?"

అంకాలమ్మ చేద వదిలేసి అతని మొహంలోకి చూసింది. "పొమ్మంటావా?"

పోలేరయ్య చేద తాడు అందుకుని ముడి సరిచేశాడు. ట్రైనింగులో ఎన్నో నేర్పారు గానీ ఇలాంటిదానికి జవాబు చెప్పడం నేర్పలేదు. అంకాలమ్మ కడవ చంకనెత్తుకుని విసవిసా వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున కెప్టెన్‌ను వల తాడుతో గుంజకు కట్టాడు. తను నేర్చుకున్న ముళ్లన్నీ వేసి మరీ కట్టాడు. పక్కింట్లో మాటలు వినిపిస్తుంటే చేతిలో వల పట్టుకుని కుట్టిందే మళ్లీ కుట్టాడు. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే గుంజ దగ్గర తాడు మాత్రమే ఉంది. తాడు తెగలేదు. ముళ్లన్నీ ఒద్దికగా విప్పి ఉన్నాయి.

కుక్క ముళ్లు విప్పుతుందా? పోలేరయ్య కంచె దాటి ఆదెయ్య పాక వెనక్కి వెళ్లాడు.

అక్కడ కొత్త చీర కట్టుకుని, తలనిండా కనకాంబరాలతో అంకాలమ్మ గొంతుక్కూర్చుని ఉంది. ఎడం చేత్తో కెప్టెన్‌కు నెత్తళ్లు తినిపిస్తోంది. కుడి చేత్తో చెంబులోంచి కెప్టెన్ చెవిలో నీళ్లు పోయబోతోంది.

"ఏంది మే నువ్వు చేస్తా ఉండేది!"

"కనబడలా? శకునం తయారు చేస్తా ఉండా."

"ఎందుకు?"

"ఎందుకా?" అంకాలమ్మ చెంబు కింద పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నోరుండే మనిషి చెప్పకపోతే నోరులేని దాంతో చెప్పించాల్సొచ్చింది బావా. నువ్వంటే నాకిష్టం. నాయన దగ్గర నా నోట రాలా. నువ్వా, కుక్కను కట్టేసి కూర్చున్నావు!"

పోలేరయ్యకు ఒక్కసారిగా లోకమంతా బాగున్నట్టనిపించింది. "నాకూ ఇష్టమే. నువ్వు చాప దులిపిన నాటి నుంచీ..."

"ఇప్పుడా చెప్పేది!"

తడిక అవతల ఆదెయ్య మాట వినిపించింది.

"ముందే చెప్తా ఉండా పెద్దాయనా, దాచను. రెండు సంబంధాలు శకునం బాగలేక పోయినాయి. అమ్మవారికి మా మీద ఎందుకో కోపమొచ్చింది. ఉన్న పల్లె సముద్రంలో కలిసిపోయె. తల్లి పోయె. ఇప్పుడు ఈ బిడ్డకు పెళ్లిరాత గూడా లేదేమోనని రాత్రిళ్లు కన్ను మూతపడదు నాకు."

తండ్రి ఎందుకు చిక్కిపోతున్నాడో అంకాలమ్మకు ఇప్పుడు తెలిసింది. చెంబులో నీళ్లు నేల మీద పారబోసింది.

"దీన్ని పట్టుకో బావా," అని లేచింది.

"యాడికి?"

"నాయన దగ్గరికి."

ఆదెయ్య పళ్లెం పైకెత్తుతుండగా వెళ్లి ఎదురుగా నిలబడింది. "నాయనా, అమ్మవారికి కోపం లేదు. ఏ కోపమూ లేదు. కుక్క చెవిలో నీళ్లు పోసింది నేనే. రెండుసార్లూ నేనే."

ఆదెయ్య పళ్లెం కింద పెట్టాడు.

"ఎందుకు చేసినావు తల్లీ?" అన్నాడు ఆదెయ్య మెల్లగా.

అంకాలమ్మ తలదించుకుంది. జవాబు గుమ్మంలోంచి వచ్చింది. "నా కోసం మామా. నాకియ్యి అంకాలును. బాగా చూసుకుంటా," అన్నాడు పోలేరయ్య, కెప్టెన్‌ను రెండు చేతులా ఎత్తుకుని.

ఆదెయ్య అతన్ని చూడలేదు. కూతుర్నే చూస్తున్నాడు. "అంటే... ఆ అమ్మవారు మనల్ని వదిలేయలేదా?"

"లేదు నాయనా."

ఆదెయ్య నేల మీద చతికిలబడ్డాడు. కండువాతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకుని అంకాలమ్మ పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది. కండువా తీసేసరికి ఏడుస్తూనే నవ్వుతున్నాడు.

తుమ్మలపెంట పెద్దాయన కూడా నవ్వి పైకి లేచాడు. "ఇంత గడుసు పిల్ల దగ్గర మా వాడు నెగ్గలేడు ఆదెయ్యా. పక్కింట్లోనే ఇచ్చేసుకో."

ఆదెయ్య కళ్లు తుడుచుకుని పళ్లెం చేతబట్టుకుని కంచె దగ్గరికి నడిచాడు. ముసలమ్మ చేపలు కడుగుతూ తలెత్తి చూసి గాభరాపడింది.

"ఏందన్నా, మా కుక్క మళ్లా ఏమన్నా చేసిందా?"

"చేసింది చెల్లెమ్మా. నా కూతురి పెళ్లి కుదిర్చింది. చేతులు కడుక్కుని రా, ఆకువక్క పుచ్చుకుందువు."