అరవై రెండు కిలోలు

సెలవు రోజు మధ్యాహ్నం. ఆఫీసులో ఆమె ఒక్కతే ఉంది. ఏసీ ఆపేసిన గదిలో కార్పెట్ ముక్కిపోయిన వాసన. కిటికీ అద్దానికి ఒక ఈగ కొట్టుకుంటోంది. ఎండ టేబుల్ మీదకి పాకి, స్క్రీన్ మీద సగం పడుతోంది.

ఇనుప కట్టడాలను కంప్యూటర్లో ముక్క ముక్కగా గీయడం ఆమె పని. ఏ బీమ్ ఎంత పొడవు, ఏ చివర ఎన్ని బోల్టులు, ఎంత బరువు, అన్నీ ఆమే తేల్చాలి. పన్నెండేళ్ళుగా చేస్తోంది. గోరంత తేడా కూడా వదలదని అందరూ ఆమెని ‘మిల్లీమీటరక్క’ అంటారు. ఆ రోజు ఆ పేరే ఆమెని వెక్కిరిస్తున్నట్టుంది.

ఇప్పుడు గీస్తున్న కట్టడం ఐదో అంతస్తులో ఒక బీమ్ బరువు కుదరడం లేదు. లెక్క ప్రకారం నాలుగు వందల పన్నెండు కిలోలుండాలి. జాబితాలో నాలుగు వందల డెబ్భై నాలుగు వస్తోంది. అరవై రెండు ఎక్కువ. క్రేన్ వాళ్ళు ఆ జాబితా చూసుకునే ఇనుము ఎత్తుతారు. నాలుగింటికల్లా పంపాలి. చెకింగ్ చూసే పెద్దాయన అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసి, ఒక్క బీమ్ దగ్గర ఇంతసేపా అని దెప్పాడు.

బోల్టులు తీసి మళ్ళీ పెట్టింది. చివరి ప్లేట్లు మార్చింది. విసుగెత్తి మొత్తం బీమ్ చెరిపేసి కొత్తగా గీసింది. మళ్ళీ నాలుగు వందల డెబ్భై నాలుగే. తల ప్రాణం తోకకొచ్చింది. కీబోర్డు అవతలకి నెట్టి, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాణ్ణి కరువుతీరా తిట్టుకుంది.

కాసేపాగి చూస్తే బరువు సరిపోయింది. హమ్మయ్య అనుకుంటూ జాబితా తీసింది. ఇప్పుడు దాని పక్క బీమ్ అరవై రెండు ఎక్కువ చూపిస్తోంది.

ఒళ్ళు మండిపోయింది. దాన్నీ సరిచేసింది. తేడా ఆ పక్కదానికి పోయింది. ఈసారి దేన్నీ ముట్టుకోకుండా జాబితా మళ్ళీ తీసింది. తేడా ఇంకో బీమ్ ముందుకు జరిగింది. మళ్ళీ తీసింది. మూల నుంచి మెట్ల వైపు... మెట్ల దగ్గర నుంచి నాలుగో అంతస్తుకి... అక్కడి నుంచి మూడుకి.

ఎవరో బీమ్ మీంచి బీమ్ మీదికి అడుగులేస్తూ దిగుతున్నారు.

ఈగ చప్పుడు ఆగిపోయింది. ఎక్కడిదో తడి ఇనుము వాసన వేసింది.

ఆమె తమ్ముడు ఆ కట్టడం దగ్గరే బోల్టులు బిగిస్తాడు. సెలవైనా పనికెళ్ళాడు. అక్కడ ఇనుము లేచింది రెండో అంతస్తు దాకానే. పైవన్నీ ఇంకా ఆమె స్క్రీన్ మీదే ఉన్నాయి. వెంటనే వాడికి ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావురా?”

“రెండో అంతస్తులో. మెట్ల పక్క బీమ్ మీద.”

జాబితా తీసింది. రెండో అంతస్తు, మెట్ల పక్క బీమ్. అరవై రెండు ఎక్కువ.

“నీ పక్కన ఎవరున్నారు?”

“ఎవరూ లేరక్కా, అందరూ భోజనాలకెళ్ళారు.” అంతలోనే గుసగుసగా అన్నాడు. “అక్కా... బీమ్ అదిరింది. నేను కదల్లేదు...”

“మాట్లాడకు. మెల్లగా దిగిపో. వెనక్కి చూడకు.”

ఆమె ఏం చెప్పినా అడ్డం చెప్పే తమ్ముడు ఈసారి వెంటనే కదిలాడు. ఫోన్లో ఇనుప నిచ్చెన మీద బూట్ల చప్పుడు. ఒకటి... ఇంకొకటి... కిందికి దిగిపోయానని అన్నాడు. ఆ మాట తర్వాత కూడా నిచ్చెన మీద రెండడుగులు వినిపించాయి.

జాబితాలో ఇప్పుడు ఎక్కడా తేడా లేదు. అన్ని బరువులూ సరిపోయాయి. పంపించేసింది. ఈ మాత్రానికి పొద్దంతా పట్టిందా అన్నాడు పెద్దాయన. ఆమె ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ఆపింది.

సాయంత్రం తమ్ముడు ఆమెని తీసుకెళ్ళడానికి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఏమైందిరా అంటే పద అన్నాడంతే. ఇద్దరూ లిఫ్ట్ ఎక్కారు. ఇద్దరికే సరిపోయే పాత లిఫ్ట్. తలుపు మూసుకోలేదు. బరువు ఎక్కువైందని గంట మోగడం మొదలుపెట్టింది.

తమ్ముడు తలెత్తలేదు. గోడకి ఒదిగి, కాస్త పక్కకి జరిగాడు... తమ ఇద్దరి మధ్యా ఎవరికో చోటిస్తున్నట్టు.