రెండో అడుగు ఎడమది

పొద్దున ఏడు గంటలకే ఎండ చురుక్కుమంటోంది. వాకిట్లో పట్టా పరిచి, ఆసామి పంపిన మిరపకాయలు కుప్పగా పోసుకుని, రెబ్కా అయిదింటి నుంచి తొడిమలు తీస్తూనే ఉంది. వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి. మిరప కాలం వచ్చిందంటే ఆ ఇంట్లో పిల్లను ముట్టుకోవడం కూడా భయమే.

"అత్తా, దీనికి కాస్త జడ వెయ్యవా? మొహం కూడా నువ్వే తుడువు. నా చేతులు చూశావుగా."

వీరమ్మ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. భర్త జక్రయ్య పోయి నలభై రోజులవుతోంది. అప్పటి నుంచి ఆమె కూలికి పోలేదు, పట్టా దగ్గరా కూర్చోలేదు. గోడకు తగిలించిన ఆయన డప్పు కింద చాప వేసుకుని అక్కడే ఉంటోంది. మనవరాలు వచ్చి ఒళ్ళో కూలబడితే మాత్రం దువ్వెన అందుకుంది.

"నాయనమ్మా, తాత డప్పు మెత్తబడింది తెలుసా?" అంది క్రిస్టీనా. మూడో తరగతి పిల్ల.

"ఎవరు చెప్పారే?"

"నేనే వేలితో కొట్టి చూశా. దబ్ దబ్ మంటోంది. తాత ఉన్నప్పుడు ఖంగుమనేది."

"దాని జోలికి పోవద్దని నీకెన్నిసార్లు చెప్పాలే!" రెబ్కా వాకిట్లోంచి కేక పెట్టింది. "ఎక్కాలు రావు గానీ డప్పు కావాలంట. ముందు బూట్లు వేసుకో!"

చుట్టుపక్కల పదూళ్ళలో డప్పు జక్రయ్యను ఎరగనివాళ్ళు లేరు. పెళ్ళికి ఒక దరువు, చావుకు ఒక దరువు, తిరునాళ్ళకు మరొకటి. గజ్జెలు కట్టి, డప్పు నెత్తికెత్తి గిర్రున తిరిగితే అరవై దాటిన మనిషంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ప్రత్తిపాడు నుంచి పొన్నూరు దాకా పిలిపించుకునేవాళ్ళు. ఆయన పోయిననాడు జనం ట్రాక్టర్ల మీద వచ్చి దండలు వేశారు. ఆ దండలు వేసినవాళ్ళలో ఆయన బతికుండగా తమ అరుగు మీద కూర్చోమన్నవాళ్ళు ఒక్కరూ లేరు. వీరమ్మ ఆ రోజు ఒక్కో దండనీ చూసి ఒక్కో ఇంటిపేరూ గుర్తు పెట్టుకుంది.

రెబ్కా మొగుడు సాల్మన్ టీ తాగి చేలోకి బయల్దేరబోతుంటే వాకిట్లో స్కూటీ ఆగింది. దిగిన మనిషిని చూడగానే రెబ్కా చేతిలో కాయ వదిలేసి లేచింది. క్రిస్టీనా బడిలో శ్రీరమ్య మేడం. ఆమె మామూలుగా రెండు మాటలు మాట్లాడినా చాలు, తాను మూడు నెలలుగా కడుపులో దాచుకున్నది బయటపడుతుంది.

"మేడం, ఇక్కడ అంతా ఘాటు, మీకు తుమ్ములొస్తాయి. మీరు పొండి, నేనే బడికొచ్చి మాట్లాడతా" అంటూ ఎదురెళ్ళింది.

"రెండు నిమిషాలేనండీ." శ్రీరమ్య అప్పటికే గుమ్మం దగ్గరికి వచ్చేసింది. "శనివారం బడిలో జక్రయ్యగారి సంతాప సభ పెడుతున్నాం. ఫోటో దగ్గర ఆయన డప్పు, గజ్జెలు ఉంచుదామని. పిల్లలు ఆయన డాన్సే చేస్తామంటున్నారు. బాలల దినోత్సవానికి ఆయన వచ్చి ఉంటే ఎంత బాగుండేదో! పాపం, ఆ రోజు జ్వరంతో లేవలేకపోయారుగా."

సాల్మన్ గ్లాసు కింద పెట్టాడు. "జ్వరమా? మా నాయనకా?"

"అవునండీ, రెబ్కాగారే ఫోన్ చేసి..." అంటూ శ్రీరమ్య ఆ మొహాలు చూసి ఆగిపోయింది. ఏదో తప్పు మాట్లాడానని ఆమెకు అర్థమైంది. "పాపను నేను తీసుకెళ్తాలెండి, టైమవుతోంది" అని క్రిస్టీనాను బండి ముందు నిలబెట్టుకుని వెళ్ళిపోయింది.

బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా సాల్మన్ ఆగాడు.

"వానకి ప్రోగ్రాం ఎత్తేశారని నాయనకి చెప్పింది నువ్వే కదే?"

రెబ్కా తల వంచుకుని ఒక కాయ అందుకుని తొడిమ తుంచింది.

"నిన్నే అడుగుతున్నా!"

"నేనే చెప్పా."

ఆ రోజు ఎవరి కళ్ళలోంచి పోతుంది? జక్రయ్య తెల్లారకముందే లేచి గడ్డం గీయించుకున్నాడు. చింతపండుతో గజ్జెలు తోమాడు. పత్తి కట్టె మంట వేసి, డప్పు బిగిసేదాకా అటూ ఇటూ తిప్పి కాచుకున్నాడు. ఇస్త్రీ పంచె నలుగుతుందని మంచం అంచునే కూర్చున్నాడు. అప్పుడే రెబ్కా వచ్చి, తుఫాను వానలంట మామా, ప్రోగ్రాం లేదంట అంది. ఆ పూట నాలుగు చినుకులు కూడా పడి ఆమె అబద్ధానికి తోడు వచ్చాయి. జలుబు చేసిందని క్రిస్టీనాను కూడా బడి మాన్పించింది.

"నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ శవాల ముందు ఆడాడు మా నాయన" అన్నాడు సాల్మన్. "జన్మలో ఒక్కసారి బడివాళ్ళు కుర్చీ వేస్తాం రమ్మన్నారు. అది చూడ్డానికి నీ కళ్ళు ఓర్వలేదా? నీకేం చేశాడే ఆయన? సొంత కూతురిలా చూశాడు కదే నిన్ను!"

"చూశాడు! కాదన్నానా?" రెబ్కా చేతిలో కాయలు విసిరికొట్టి లేచింది. "నీకేం తెలుసయ్యా? నువ్వు బడికే పోలేదు. నేను ఎనిమిదిలో ఉండగా మా బడి ముందు నుంచి ఒక పెద్ద ఆసామి శవం పోతోంది. ముందు మా నాన్న డప్పు కొడుతున్నాడు. పూటుగా తాగి ఉన్నాడు. ఆడుతూ ఆడుతూ రోడ్డు మీద బోర్లా పడ్డాడు. క్లాసంతా కిటికీల దగ్గరే ఉంది. మర్నాటి నుంచి నేను గుమ్మంలో కాలు పెడితే చాలు, స్కేళ్ళతో బెంచీల మీద డప్పు. నేను కూర్చునేదాకా డప్పు. లెక్కల సారు కూడా నవ్వాడు. ఒక రోజు సంచీ అక్కడే వదిలేసి వచ్చేశా. మళ్ళీ పోలేదు. అప్పటి నుంచీ ఇదిగో, ఈ తొడిమలు!"

మండుతున్న చేతులు ముందుకు చాపింది.

"నా కూతురు కూర్చునే బెంచీ మీద కూడా డప్పు కొడతారని భయమేసింది. అంతే. ఆయన మీద కోపం కాదు, భయం. ఈ ఒక్క ఏడాదికి తప్పిద్దాం, వచ్చే ఏడు చూసుకోవచ్చులే అనుకున్నా. రెండు నెలలకే పోతాడని నాకేం తెలుసు?"

సాల్మన్ ఏదో అనబోయాడు. చాప మీద నుంచి వీరమ్మ గొంతు లేచింది.

"నువ్వు ఊరుకోరా. నీకు ఇయ్యాల తెలిసింది. నాకు ఆ రోజు సాయంత్రమే తెలుసు."

రెబ్కా గిర్రున తిరిగింది. "తెలుసా?"

"నువ్వు చెప్పి లోపలికి పోయావు. గంటకల్లా బడి మైకు మోగింది. గాలి ఇటే తిరిగింది మరి. బీడీలు తెచ్చుకుంటానని లేచి వెళ్ళాడు. బడి గేటు బయట, ఐసు బండి పక్కన నిలబడి ప్రోగ్రాం అయ్యేదాకా చూశాడంట. ఇస్త్రీ పంచెతో. లోపల పిల్లలు ఎవరిదో పాట పెట్టుకుని ఆడుతున్నారు. ఇంటికొచ్చి నాతో ఏమన్నాడో తెలుసా? పిల్లలు బాగానే ఆడారే, కానీ రెండో అడుగు కుడిది వేస్తున్నారు, ఎడమది పడాలి, చెప్పేవాళ్ళు లేరు పాపం అన్నాడు."

రెబ్కా గుంజ పట్టుకుంది.

"మర్నాడు నీ కూతురు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది, నిన్న ప్రోగ్రాం అయిపోయిందంట తాతా అని. కాలు నొప్పని నేనే రానన్నానమ్మా, మీ అమ్మతో అనబాక, బాధపడుద్ది అని దాని నోరు మూయించాడు. నీ అబద్ధం కూడా ఆయనే మోశాడు."

"నన్ను అడగలేదేంది అత్తా? రెండు తిట్లయినా తిట్టలేదు..."

"అడగనిచ్చాడా? నా చెయ్యి బైబిలు మీద పెట్టించి మాట తీసుకున్నాడు, ఆ పిల్లని ఒక్క మాట అనొద్దని. ఎందుకురా దేవుడా అంటే అప్పుడు చెప్పాడు. నువ్వు ఇందాక చెప్పావే, మీ నాన్న రోడ్డు మీద పడ్డాడని, ఆ చావుకి వెళ్ళిన రెండో డప్పు మా ఆయనదే. మీ నాన్న యేసుపాదాన్ని లేపి నిలబెట్టింది ఈయనే. తలెత్తి చూస్తే బడి కిటికీలో ఒక పిల్ల కళ్ళప్పగించి చూస్తోందంట. ఆ పిల్ల నువ్వేనని పెళ్ళిచూపుల్లోనే గుర్తుపట్టాడు. దాని భయం నాకు తెలుసే వీరమ్మా, అది నా మీద కోపం కాదు అన్నాడు."

కుప్ప మీద కాయలు ఎండకు చిటపటమన్నాయి.

"ఆ సాయంత్రం గజ్జెలు మూట కట్టి నా చేతికిచ్చాడు. మళ్ళీ అడగలేదు" అంది వీరమ్మ. "ఎంతమంది పిలిచినా మోకాళ్ళ నొప్పులనేవాడు. ఆయన మోకాళ్ళకి ఏ నొప్పీ లేదు."

రెబ్కా నేల మీద కూలబడి బావురుమంది. ఏడుస్తూ అలవాటుగా చేతులు కళ్ళ దగ్గరికి తెచ్చుకోబోయింది.

"ఓసి పిచ్చిదానా, కళ్ళు పోతాయే!"

వీరమ్మ నలభై రోజుల తర్వాత మొదటిసారి ఆ చాప వదిలి పరుగున వచ్చింది. కోడలి రెండు చేతులూ మణికట్ల దగ్గర పట్టుకుని దూరంగా లాగింది. తన కొంగుతో ఆమె మొహం తుడిచింది. నెమ్మదిగా కాదు, పిల్లల ముక్కు చీదించినట్టు గట్టిగా తుడిచింది.

"నన్ను క్షమించు అత్తా."

"ఆయన క్షమించాడు. నా సంగతి నాకింకా తెలీదు" అంది వీరమ్మ, తుడుస్తూనే. "నీకు ఆ అడుగు తెలుసా?"

"ఏ అడుగు?"

"రెండోది."

రెబ్కాకు తెలుసు. నడక వచ్చినప్పటి నుంచి తెలుసు. చిన్నప్పుడు తండ్రి పక్కన ఈ వాకిలంత చోట్లోనే వేసింది. పదమూడేళ్ళుగా కాళ్ళను కట్టేసుకుని బతికింది గానీ మరిచిపోలేదు.

"తెలుసు."

"అయితే రేపు ఆ బడికి పో. ఆ పిల్లలకి చెప్పు. మేడంతో కూడా నిజం చెప్పు, జ్వరం లేదని. నీ పిల్ల ముందే చెప్పు."

"బడిలోకా? నేనా?" రెబ్కా మొహం పాలిపోయింది. "నవ్వుతారు అత్తా."

"నవ్వితే నవ్వనీ. గేటు బయట నిలబడి ఆయన చూశాడు. నువ్వు లోపలికి పోయి నిలబడు."

సాల్మన్ కోపం ఇంకా మొహం మీదే ఉంది. పెరట్లోకి వెళ్ళి చేతినిండా పత్తి కట్టె తెచ్చి భార్య ముందు పడేసి, అటు తిరిగి నిలబడ్డాడు.

రెబ్కా చేతులు పెరుగుతో రుద్దుకుని, నీళ్ళతో కడుక్కుని వచ్చింది. గోడ మీది డప్పు ఆమే దించింది. నలభై రోజుల దుమ్ము పమిటతో తుడిచింది. మంట అంటుకోగానే డప్పును దూరంగా పట్టి, అటొకసారి ఇటొకసారి తిప్పుతూ కాచింది. తోలు నెమ్మదిగా బిగిసింది. వేలితో ఒక్క దెబ్బ కొట్టి చూసింది.

ఖంగుమంది.

ఆ చప్పుడుకు ఆమె ఒళ్ళు ఎప్పటిలాగే ముడుచుకుపోయింది. బెంచీలు, స్కేళ్ళు, లెక్కల సారు నవ్వు అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. కళ్ళు మూసుకుంది. గేటు బయట తెల్ల పంచెలో నిలబడ్డ ముసలాయన కనిపించాడు.

కుడికాలు ముందుకు వేసింది. తర్వాత ఎడమది.